కోడిపిల్లకు ముందు నీడ, తర్వాతే టానిక్కు

ఎండలు ముదిరేసరికి పల్లెటూరి మందుల దుకాణాల ముందు ఒక కొత్త గిరాకీ మొదలవుతుంది. ఎరువులకు కాదు, పురుగుమందులకూ కాదు. కోడిపిల్లల టానిక్కుకు. పెరట్లో పిల్లలు రెక్కలు వాల్చి, నోళ్ళు తెరిచి రొప్పుతుంటే ఇంటి ఇల్లాలు కంగారుపడి మొగుణ్ణి బజారుకు తరుముతుంది. ఆయన పోయి "కోడిపిల్లలకు బలానికి ఏదన్నా ఇవ్వవయ్యా" అంటాడు. దుకాణదారు అటక మీది సీసా ఒకటి దించి, దుమ్ము తుడిచి చేతిలో పెడతాడు. మూడు రోజుల్లో సగం పిల్లలు పోతాయి. మందు పోసినా బతకలేదు, మన రాత ఇంతే అని రైతు సరిపెట్టుకుంటాడు. పిల్లల ఖరీదూ పోయింది, సీసా ఖరీదూ పోయింది. ఆ డబ్బు చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళ చేతి సొమ్ము. పిల్లల పుస్తకాలకో, పండుగ ఖర్చుకో దాచుకున్నది.

ఇందులో తప్పు విటమిన్లది అనడం లేదు. నాటుకోళ్ళకు విటమిన్లేమిటి, మా తాతలు వేశారా అనేవారితో నాకు పేచీ ఉంది. విటమిను పోస్తే చచ్చే పిల్ల కూడా లేచి కూర్చుంటుందనే వారితో అంతకంటే పెద్ద పేచీ ఉంది. మనలాంటి ఎండ ప్రాంతాల్లో ఎదిగే పిల్లకు విటమిన్ల అవసరం చలి ప్రాంతంలో కంటే ఎక్కువే. కాని అవి ఒంటికి పట్టాలంటే ముందు కొన్ని పనులు జరగాలి. అవి జరగని చోట సీసా మీద సీసా కొనడం చిల్లు కుండలో నీళ్ళు పోసినట్లే.

కోడికి చెమట గ్రంథులు లేవు. మనలాగ చెమట పట్టి ఒళ్ళు చల్లబడే యోగం దానికి లేదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41, 42 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. చుట్టూ ఉన్న గాలి కూడా అంత వేడెక్కితే ఇక నోరు తెరిచి రొప్పడం ఒక్కటే దారి. రొప్పినప్పుడు ఒంట్లో నీరు ఆవిరై కాస్త చల్లబడుతుంది. కాని అదే రొప్పులో బొగ్గుపులుసు వాయువు మితిమీరి బయటికి పోతుంది. రక్తంలో ఉండాల్సిన ఆమ్ల, క్షారాల తూకం తప్పుతుంది. అంతటితో ఆగదు. మేత తగ్గిస్తుంది. తిన్న తిండి అరగడానికి కూడా ఒంట్లో వేడి పుడుతుంది కాబట్టి, తినకుండా ఉండటం కోడికి తెలిసిన తెలివి. 32 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ మేత సుమారు నూటికి 5 వంతున తగ్గుతూ పోతుందని కోళ్ళ నిపుణుల లెక్క. మన దగ్గర వైశాఖంలో నీడలోనే 42, 43 డిగ్రీలు చూస్తున్నాం. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వెయ్యి మందికి పైగా మనుషులే పోయారు. ఇక కోళ్ళ సంగతి చెప్పేదేముంది, లక్షల్లో పోయాయి.

విటమిన్ల మాట ఇక్కడే వస్తుంది. దాణాలో విటమిన్లు ఎంత కలపాలన్న లెక్క, పిల్ల కడుపునిండా తింటుందన్న నమ్మకం మీద కట్టిన లెక్క. పిల్ల సగమే తింటే విటమిన్లు కూడా సగమే అందుతాయి. మరోవైపు ఎండ దెబ్బకు ఒంట్లో వాటి ఖర్చు పెరుగుతుంది. సి విటమిను సంగతే చూడండి. మనుషులకు అది తిండిలోనే రావాలి. కోడి మాత్రం తన మూత్రపిండాల్లో తానే తయారు చేసుకుంటుంది. అందుకే మామూలు రోజుల్లో దాణాలో సి విటమిను కలపనక్కరలేదు. ఎండలు మండే రోజుల్లో ఆ సొంత తయారీ చాలదు. అప్పుడు కిలో దాణాకు 200 నుంచి 250 మిల్లీగ్రాముల దాకా సి విటమిను అందిస్తే పిల్ల ఎండకు తట్టుకుంటుందని పరిశోధనల్లో తేలింది. ఇ విటమిను కూడా అలాంటిదే. ఎండ వల్ల ఒంట్లో కణాలకు జరిగే నష్టాన్ని అది కొంత ఆపుతుంది. కొంత అన్న మాట మరిచిపోవద్దు. రేకుల కింద ఉడికిపోతున్న పిల్లను ఏ విటమినూ కాపాడలేదు.

పుస్తకం చెప్పిన బల్బు

చంటి పిల్లకు వెచ్చదనం కావాలి. ఇది నిజం. మొదటి వారం బ్రూడరు కింద 95 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలనీ, తర్వాత వారానికి 5 ఫారెన్‌హీట్ డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవాలనీ ప్రతి కరపత్రంలోనూ ఉంటుంది. మనవాళ్ళు దాన్ని అక్షరాలా పాటిస్తారు. బయట 42 డిగ్రీలు మండుతుంటే లోపల బల్బు వెలుగుతూనే ఉంటుంది! వేసవి పగటిపూట బల్బు అక్కరలేదు. తెల్లవారుజామున చల్లబడితే అప్పుడు వేసుకోవాలి. థర్మామీటరు లేని ఇంట్లో పిల్లలే థర్మామీటరు. అన్నీ ఒకదాని మీద ఒకటి పడి గుట్టగా చేరితే చలి. బల్బుకు దూరంగా గోడల వెంట పడి, రెక్కలు విప్పి, నోళ్ళు తెరిస్తే వేడి. సమంగా పరుచుకుని తింటూ తిరుగుతుంటే సరిగ్గా ఉన్నట్లు.

మొదటి వారం పిల్ల కొంత వేడికి ఓర్చుకుంటుంది. మూడు వారాలు దాటి ఈకలు దిగిన పిల్లకే అసలు కష్టం. నాలుగో వారానికి దానికి హాయిగా ఉండేది 26, 27 డిగ్రీల దగ్గర. రేకుల పాకలో ఉండేదేమో 44. ఆ పాక మీద తాటాకో, కొబ్బరి మట్టలో, వరిగడ్డో పరిచి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు చల్లితే లోపల వేడి తగ్గుతుంది. పడమటి వైపు గోనెపట్టాలు కట్టి తడుపుతారు. మంచిదే. కాని ఒక్క సంగతి గమనించాలి. రాయలసీమలోనూ, తెలంగాణలోనూ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి పట్టా బాగా పనిచేస్తుంది. సముద్రం ఒడ్డున ఉక్కపోతగా ఉండే ఊళ్ళలో గాలిలోనే తేమ నిండి ఉంటుంది. అక్కడ పాక చుట్టూ తడి పట్టాలు మూసి కడితే గాలి ఆడక రొప్పు ఇంకా పెరుగుతుంది. అలాంటి చోట గాలి ఇటునుంచి అటు దూసుకుపోయేటట్టు తెరిచి ఉంచడమే మేలు.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. మామూలుగా కోడి తిన్న మేతకు రెట్టింపు నీళ్ళు తాగుతుంది. ఎండల్లో అది నాలుగింతలు, ఆ పైన కూడా పోతుంది. ప్లాస్టిక్ డబ్బాలో పొద్దున పోసిన నీళ్ళు పదకొండుకల్లా వేడెక్కుతాయి. వేడి నీళ్ళను పిల్ల ముట్టదు. మట్టి మూకుళ్ళు పెట్టండి, నీడలో పెట్టండి, రోజుకు నాలుగుసార్లు మార్చండి. పిల్లలు పడి మునగకుండా మూకుట్లో నాలుగు గులకరాళ్ళు వేయండి. ఇందులో పైసా ఖర్చు లేదు. బహుశా అందుకేనేమో ఎవరూ దీన్ని మందుగా లెక్కచేయరు.

మేత వేళలు కూడా మార్చుకోవాలి. పెద్ద పిల్లలకు తెల్లవారకముందే ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి మేత వేసి, 11 నుంచి 4 దాకా ఆపడం మంచిది. రెండు వారాల లోపు చంటి పిల్లల్ని మాత్రం అలా పస్తు పెట్టకూడదు. వాటికి కొద్దికొద్దిగా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

నూకలు తిన్న కోడి కథ

విటమిన్లు అనేవి ఉన్నాయని లోకానికి తెలిసిందే ఎండ దేశపు కోళ్ళ వల్ల. ఈ ముచ్చట మనవాళ్ళకు తెలియాలి. 1890ల్లో, నాటి డచ్చివారి ఏలుబడిలో ఉన్న జావా దీవిలో ఐక్‌మన్ అనే వైద్యుడు బెరిబెరి జబ్బు మీద పనిచేస్తున్నాడు. ఆయన కోళ్ళకు కాళ్ళు పడిపోయాయి, మెడలు వాలాయి. విచారిస్తే, ఆసుపత్రి వంటశాలలో మిగిలిన పాలిష్ బియ్యపు అన్నం వాటికి వేస్తున్నారు. కొత్తగా వచ్చిన వంటవాడు ఆ అన్నం కోళ్ళకు ఇవ్వడం మానేశాడు. ముడిబియ్యం తినగానే కోళ్ళు కోలుకున్నాయి. బియ్యం మీది తవుడు పొరలో ఏదో ఉందని అలా తెలిసింది. ఆ ఏదో తర్వాతి కాలంలో బి1 విటమిను అయింది. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కె విటమిను కూడా కోడిపిల్లల మీద ప్రయోగాలలోనే బయటపడింది.

ఆ జావా కోడి తిన్న తిండే ఈనాటికీ మన పెరటి పిల్ల తింటోంది. తెల్లటి నూకలు. నూకల్లో ఎ విటమిను లేదు, బి విటమిన్లు అంతంత మాత్రం, మాంసకృత్తులు నూటికి 7, 8 పాళ్ళకు మించవు. ఎదిగే పిల్లకు 20 పాళ్ళ దాకా కావాలి. ఇలా నూకలు వేసి, పైన టానిక్కు పోస్తే లాభం లేదు. విటమిన్లు మాంసకృత్తుల బదులు పనిచేయవు. గోడ కట్టేటప్పుడు సిమెంటు ఎంత మంచిదైనా ఇటుకలు లేకపోతే గోడ లేవదు కదా. కనీసం మొదటి ఆరు వారాలైనా చిక్ స్టార్టర్ దాణా వేయాలి. ఒక్కో పిల్ల ఆ ఆరు వారాల్లో తినేది రెండు కిలోల లోపే. వనరాజా, గ్రామప్రియ లాంటి రాజేంద్రనగర్ కోళ్ళు తెచ్చుకున్నవారు ఇది అసలు తప్పకూడదు. ఆ జాతుల్ని పెరటి కోసమే తయారు చేసినా, మొదటి ఆరు వారాలు వాటికి బ్రూడింగు, మంచి దాణా ఇచ్చి, ఆ తర్వాతే ఆరుబయట వదలాలి.

స్టార్టర్ దాణా కొన్నవారు మళ్ళీ అన్ని విటమిన్లూ కొనాలా? నన్నడిగితే అక్కరలేదు. మంచి కంపెనీ దాణాలో అవి కలిపే ఉంటాయి. ఎండ తీవ్రంగా ఉన్న వారం పది రోజులు సి విటమిను, లవణాల పొడి నీళ్ళలో ఇస్తే చాలు. నూకలు, జొన్నలు, తవుడు ఇంట్లో కలుపుకునే వారికే విటమిన్ల పొడి అవసరం. విచిత్రమేమంటే మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. దాణా బస్తా కొనగలిగినవాడే టానిక్కూ కొంటున్నాడు. నూకలు వేసేవాడి పిల్లలకు రెండూ లేవు.

ఏది విటమిను లోపం, ఏది తెగులు

దీని మీద కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

రెండు, మూడు వారాల పిల్ల చురుగ్గానే ఉంటుంది, తిండి మీద ఆశ ఉంటుంది, కాని నడవలేక మోకీళ్ళ మీద కూలబడుతుంది. కాలివేళ్ళు లోపలికి పిడికిలిలా ముడుచుకుంటాయి. ఇది బి2 లోపం. తొందరగా గమనించి బి-కాంప్లెక్సు నీళ్ళలో ఇస్తే లేచి నడుస్తుంది. వేళ్ళు ముడుచుకుని రోజులు గడిచిపోతే ఇక తిన్నగా కావు. తల వెనక్కి విరిచి ఆకాశం చూస్తూ కూర్చునే పిల్లకు బి1 లోపం. చేపల మార్కెట్టు పక్క ఊళ్ళలో పచ్చి చేపల వ్యర్థాలు పిల్లలకు వేస్తారు. కొన్ని రకాల పచ్చి చేపల్లో బి1ను నాశనం చేసే పదార్థం ఉంటుంది. ఉడకబెట్టి వేస్తే ఆ బాధ లేదు. కళ్ళు ఉబ్బి, నీరు కారి, రెప్పల కింద జున్నులాంటి తెల్లటి పదార్థం చేరితే ఎ విటమిను లోపమని అనుమానించాలి. ముక్కు రబ్బరులా వంగితే, కాళ్ళు వంకర తిరిగితే డి విటమినో, సున్నమో, భాస్వరమో చాలడం లేదు. గద్దల భయానికి రోజంతా చీకటి గదిలో గంప కింద మూసి పెంచే పిల్లల్లో ఇది కనిపిస్తుంది. పొద్దుటి లేత ఎండ కాసేపు ఒంటికి తగిలితే డి విటమిను కోడి తనే తయారు చేసుకుంటుంది. ఎండ మనకు శత్రువే కాని ఉదయం 8 లోపు ఎండ కాదు.

ఇక ఇ విటమిను లోపం. రెండు నుంచి నాలుగు వారాల పిల్ల తల కిందికో వెనక్కో మెలితిరిగి, పక్కకు పడి, కాళ్ళు కొట్టుకుంటుంది. దీనికి వేసవిలో మామూలు కారణం ముక్కిపోయిన తవుడు. మిల్లునుంచి తెచ్చిన పచ్చి తవుట్లో నూనె ఉంటుంది. ఎండకు అది కొద్ది రోజుల్లోనే ముక్కుతుంది. ముక్కిన నూనె దాణాలోని ఇ విటమినును తినేస్తుంది. తవుడు నాలుక మీద వేసుకుంటే చేదు తగిలిందా, పిల్లలకు వద్దు. నూనె తీసిన తవుడయితే నిలవుంటుంది.

మెడ తిరిగిన పిల్ల అనగానే అందరికీ గుర్తొచ్చేది కొక్కెర తెగులు, అదే రాణిఖెత్. నిజానికి మన ఊళ్ళలో మెడ తిరగడానికి అదే పెద్ద కారణం. పచ్చగా విరేచనాలు, ముక్కు కారడం, గురక, ఇంట్లోనే కాదు పక్కింట్లో కూడా కోళ్ళు వరసగా చావడం కనిపిస్తే అది తెగులే. విటమిను లోపం అంటువ్యాధి కాదు. గోడ దూకి పక్కింటికి పోదు. తెగులు వచ్చిన మందకు బి-కాంప్లెక్సు ఎన్ని సీసాలు పోసినా కోళ్ళు బతకవు. ముందుగా టీకా వేయించుకోవడం ఒక్కటే దారి. వారం లోపు పిల్లకు కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా, మళ్ళీ నెలకు ఇంకో చుక్క, రెండు నెలలు దాటాక రెక్క కింద సూది. సీసా టానిక్కు ఖరీదుతో ఎన్ని పిల్లలకు టీకా పడుతుందో పశువైద్యశాలలో అడిగి చూడండి.

మందుల దుకాణాల్లో చెప్పని సంగతి ఇంకొకటి. పిల్లలు రక్తపు విరేచనాలు పెడితే, అంటే కాక్సీడియోసిస్ వస్తే, ఆంప్రోలియం పొడి ఇస్తారు. ఆ మందు పనిచేసేది రోగక్రిమికి బి1 విటమిను అందకుండా చేసి. బలానికి కూడా ఇస్తున్నామని అదే నీళ్ళలో బి-కాంప్లెక్సు పోశారనుకోండి, క్రిమికీ బలం వస్తుంది! రెండూ కలిపి ఒకేసారి అంటగట్టే దుకాణదారులు ఉన్నారు. మందు కోర్సు అయిపోయాకే విటమిన్లు మొదలుపెట్టాలి.

అతిగా ఇవ్వడం వల్ల కూడా నష్టమే. బి, సి విటమిన్లు ఎక్కువైతే ఒంట్లోంచి బయటికి పోతాయి. ఎ, డి విటమిన్లు అలా కాదు. కాలేయంలో, కొవ్వులో పేరుకుంటాయి, మితిమీరితే హాని చేస్తాయి. మూత నిండా అన్నచోట గ్లాసు నిండా పోయకూడదు. ఎండ దెబ్బకు లవణాలు పోతున్నాయని విని ఉప్పు గుప్పెట్లతో నీళ్ళలో కలిపేవారున్నారు. ఉప్పు ఎక్కువైతే చిన్న పిల్లలు చచ్చిపోతాయి. కోళ్ళ కోసం తయారైన లవణాల పొడిని చీటీ మీద రాసిన కొలత ప్రకారమే వాడండి.

రేకుల కింద ఉడికిన విటమిను

కొన్న విటమిను మంచిదేనా అన్నది అసలు ప్రశ్న. విటమిన్లకు వేడి, తేమ, వెలుతురు మూడూ పడవు. ఎ, సి, కె, బి1 మరీ సుకుమారం. ఖనిజ లవణాలతో, కోలిన్ క్లోరైడుతో కలిపి నిలవ చేస్తే ఇంకా తొందరగా చెడతాయి. 25 డిగ్రీల లోపు, పొడి చోట, చీకట్లో ఉంచాలని ప్యాకెట్టు మీదే అచ్చువేసి ఉంటుంది. కాని అది కంపెనీ గోదాము నుంచి బయలుదేరి, లారీలో ఎండి, పట్నం డీలరు దగ్గర నెలలు గడిపి, మన ఊరి రేకుల దుకాణంలో అటక ఎక్కేసరికి దానిలో ఎంత మిగులుతుంది? టీకా మందును ఐసు డబ్బాలో తెస్తాం. విటమినుకు కనీసం నీడ కూడా దొరకదు. గడువు తేదీ చూసి కొనండని అందరూ చెబుతారు. నేను తయారీ తేదీ చూడమంటాను. మూడు నెలల లోపు తయారైనదయితే తీసుకోండి. ప్యాకెట్టు విప్పి చిన్న పొట్లాలుగా కట్టి అమ్మేది ఎంత చవకైనా వద్దు. గడ్డకట్టిన పొడి వద్దు. అలాగే బస్తా విప్పి విడిగా అమ్మే దాణా ఎన్నాళ్ళ నుంచి విప్పి ఉందో అడగండి.

ఇంకా లోతుకు వెళితే చిన్న రైతుకు జరిగే అన్యాయం కనబడుతుంది. విటమిన్ల పొడి క్వింటాలు దాణాకు 50 గ్రాములు కలపాలనుకుందాం. కంపెనీని బట్టి మారుతుంది కాని చాలా వాటిలో కొలత ఇలా పదుల గ్రాముల్లోనే ఉంటుంది. ఇరవై పిల్లలున్న ఇంటికి ఆరు వారాలకు పట్టే దాణా 40 కిలోలు. అంటే కావలసిన విటమిన్ల పొడి 20 గ్రాములు. ఇరవై గ్రాములే! కాని అది ఎక్కడ దొరుకుతుంది? వేల కోళ్ళ ఫారాల కోసం కట్టిన అరకిలో, కిలో ప్యాకెట్లే వస్తున్నాయి. పెద్ద ఫారమువాడు దాన్ని విప్పిన రోజే వాడేస్తాడు. చిన్న రైతు కొంటే అందులో ఎక్కువ భాగం ఇంట్లో చెడిపోతుంది. కొనకపోతే లూజు పొట్లమో, రంగునీళ్ళ సీసానో గతి. ఇరవై గ్రాముల పొడి దొరక్క ఇరవై పిల్లలు పోగొట్టుకోవడం ఎంత విడ్డూరం.

దీనికి రైతులే చేసుకోగల పని ఒకటుంది. పొదుపు సంఘాల్లో ఆడవాళ్ళు కలిసి ఒకేసారి పిల్లల్ని తెచ్చుకుంటే, కిలో ప్యాకెట్టు ఒకటి 50 ఇళ్ళకు సరిపోతుంది. తలా 20 గ్రాములు ఆ రోజే పంచుకోవాలి. దాన్ని రంగు సీసాలో పోసి, మూత బిగించి, మంచినీళ్ళ కుండ పక్కన చీకట్లో పెట్టుకోవాలి. తడి చెంచా పెట్టకూడదు. దాణాలో కలపడం కూడా ఒక పద్ధతి ప్రకారం జరగాలి. చిటికెడు పొడి తెచ్చి పది కిలోల దాణా మీద చల్లితే ఒక పిల్లకు అంతా, ఇంకో పిల్లకు సున్నా. ముందు పొడిని గుప్పెడు నూనె తీసిన తవుడుతో బాగా కలపాలి. దాన్ని కిలో దాణాతో కలపాలి. ఆ కిలోను మిగతా దాణాతో రెండు మూడుసార్లు తిరగేసి కలపాలి. వేసవిలో రెండు వారాలకు మించి ముందుగా కలిపి పెట్టుకోవద్దు. తడిపి పెట్టిన దాణా రెండు గంటల్లో పులుస్తుంది, మిగిలింది తీసి పారేయాలి. నీళ్ళలో ఇచ్చే విటమిను కూడా అంతే. పొద్దున్నే మొదటి నీళ్ళలో, రెండు మూడు గంటల్లో తాగేటంత మాత్రమే కలపండి. ఇనుప, రాగి పాత్రలు వాడొద్దు. క్లోరిన్ వాసన వచ్చే కుళాయి నీళ్ళలో సి విటమిను నిలవదు, బోరు నీళ్ళో, రాత్రి పట్టి ఉంచిన నీళ్ళో వాడండి.

పెరట్లో ఉన్నదాన్ని కూడా మరువొద్దు. మునగాకు, తోటకూర, అజొల్లా, వీటిలో ఎ విటమినుగా మారే పదార్థం పుష్కలం. మునగాకును ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి పొడి చేసి, దాణాలో నూటికి 5 పాళ్ళు మించకుండా కలపవచ్చు. ఎండలో ఆరబెడితే ఆకుపచ్చదనంతో పాటు విటమినూ పోతుంది. పసుపు మొక్కజొన్నలో ఎ విటమిను మూలం ఉంది, తెల్ల జొన్నలో లేదు. సుబాబుల్ ఆకు మాత్రం పిల్లలకు వద్దు, అందులో మైమోసిన్ అనే విషపదార్థం ఉంటుంది. సి విటమినుకు ఉసిరిని మించింది లేదు కాని అది చలికాలపు కాయ. నిమ్మకాయేమో సరిగ్గా వేసవిలోనే ధర చెట్టెక్కి కూర్చుంటుంది. పోటీ పడి కొనే బదులు అప్పుడు పొడి మందే చవక.

పశుసంవర్ధక శాఖ వారితో ఒక మాట. ఏ పథకం కింద అయినా సరే, ఎవరి నిధులతో అయినా సరే, ఏప్రిల్, మే నెలల్లో కోడిపిల్లలు పంచకండి. ఆ నెలల్లో పంచిన పిల్ల రికార్డులో లబ్ధి, ఇంట్లో నష్టం. వానలు పడ్డాక ఇస్తే వచ్చే వేసవికి అవి ఈకలు తీరి, గుడ్లు పెట్టే ఈడుకు వచ్చి ఉంటాయి. పిల్లలతో పాటు టీకా చుక్కలు, 25 గ్రాముల విటమిన్ల పొట్లం ఒకటి, దాని మీద తయారీ తేదీ తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. పశువైద్యశాలల్లో టీకాల కోసం పెట్టిన ఫ్రిజ్ ఉంటుంది, అందులో ఒక అర చాలు. టీకాలకే చోటు చాలదంటారేమో. అయితే పక్కన చల్లటి గదిలో చెక్క బీరువా పెట్టండి, రేకుల దుకాణం కంటే అది నయమే.

రైతులు కూడా ఊరికే కూర్చుంటే పని జరగదు. సోమవారం కలెక్టరు కచేరీలో అర్జీలు తీసుకుంటారు. సంఘం పేరున అర్జీ పెట్టండి, మూడు సంగతులు రాస్తే చాలు. మా మండలానికి కోడిపిల్లలు ఏ నెలలో వస్తాయి, వాటితో పాటు రాణిఖెత్ టీకా ఏ తేదీన వేస్తారు, చిన్న పొట్లాల్లో విటమిన్ల పొడి మండల పశువైద్యశాలలో ఎప్పటి నుంచి దొరుకుతుంది. జవాబు రాతపూర్వకంగా కావాలని కింద రాయడం మరవకండి, రసీదు అడిగి తీసుకోండి.